పార్టీ మారినోళ్ల కేసు వాళ్లు చేరిన పార్టీ మనిషే తేల్చాలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇది 2025 నవంబర్ లో రాస్తున్న ఉత్తరం. మొన్న మీ పేపర్ లోపలి పేజీలో ఒక చిన్న వార్త వచ్చింది. తెలంగాణలో పార్టీ మారిన ఎమ్మెల్యేల పదవి తీసేయమని వేసిన పిటిషన్లు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్ కి సుప్రీంకోర్టు పెట్టిన గడువు 2025 అక్టోబర్ 31తో అయిపోయింది, ఇంకో రెండు నెలలు కావాలని స్పీకర్ ఆఫీసు కోర్టుని అడిగింది అని. అంతే, నాలుగైదు లైన్లు. ముందు పేజీల నిండా జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక, ఎవరు ఏ బస్తీలో తిరిగారు, ఎవరు ఎవర్ని ఏమన్నారు. ఆ ఎన్నిక అవసరమే, కాదనను, కానీ ఒక్క సీటు ఖాళీ అయితే ఇంత హడావిడి చేసే మనం పది సీట్లలో జనం వేసిన ఓటు ఎటు పోయిందో అడగడమే మానేశాం. నాకైతే కడుపు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. ఉత్తరం పొడుగైంది, మీకు ఎంత వీలైతే అంత వేయండి, కానీ దయచేసి పక్కన పడేయకండి.

2023 డిసెంబర్ లో తెలంగాణలో కాంగ్రెస్ కి 64, బీఆర్ఎస్ కి 39 సీట్లు వచ్చాయి. ఆ 39 మందిలో పది మంది 2024లో ఒకరి తర్వాత ఒకరు సీఎం రేవంత్ రెడ్డి గారి సమక్షంలో కండువాలు కప్పించుకున్నారు. టీవీలో అందరం చూశాం. ఖైరతాబాద్ లో కారు గుర్తు మీద గెలిచిన దానం నాగేందర్ గారు మార్చిలో కాంగ్రెస్ లోకి వెళ్లారు, అక్కడితో అయిపోలేదు, ఆ వెంటనే వచ్చిన పార్లమెంటు ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ బీ ఫాం తీసుకుని చేతి గుర్తు మీద పోటీ చేశారు, కిషన్ రెడ్డి గారి చేతిలో ఓడిపోయారు, ఓడిపోయాక మళ్లీ అసెంబ్లీ రికార్డుల్లో మాత్రం బీఆర్ఎస్ ఎమ్మెల్యేనే. నేను అడిగేది ఒక్కటే, ఇందులో విచారించడానికి ఏముంది? ఈవీఎం మీద ఫోటో, పేరు, గుర్తు అన్నీ ఎన్నికల కమిషన్ అంటించినవే కదా, అంతకన్నా పెద్ద సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది. స్టేషన్ ఘన్ పూర్ ఎమ్మెల్యే కడియం శ్రీహరి గారి సంగతి కూడా అందరికీ తెలుసు, కూతురికి బీఆర్ఎస్ ఇచ్చిన వరంగల్ ఎంపీ టికెట్ వదిలేసి అదే సీటుకి కాంగ్రెస్ టికెట్ మీద నిలబెట్టి గెలిపించుకున్నారు.

ఇంకో విషయం జనానికి అంతగా తెలియదు, మీరు కూడా పెద్దగా రాయలేదు. శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరెకపూడి గాంధీ గారు 2024 జూలైలో సీఎం దగ్గర కండువా కప్పుకున్నారు, సెప్టెంబర్ లో ఆయన్ని పబ్లిక్ అకౌంట్స్ కమిటీ చైర్మన్ చేశారు. ఈ కమిటీ పని ఏంటంటే ప్రభుత్వం డబ్బులు ఎట్లా ఖర్చు పెట్టిందో కాగ్ (ప్రభుత్వ ఖర్చులు ఆడిట్ చేసే సంస్థ) రిపోర్టులు ముందేసుకుని లెక్క అడగడం. అందుకే ఆ కుర్చీ ప్రతిపక్షానికి ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మరి ఈయనకెందుకు ఇచ్చారంటే ఈయన కాగితాల మీద ప్రతిపక్ష సభ్యుడే కదా అన్నారు. అంటే మనిషి అధికార పార్టీతో ఉంటాడు, ప్రతిపక్షానికి రావాల్సిన కుర్చీలో కూడా ఆయనే కూర్చుంటాడు. ఫిరాయింపు అంటే ఒక మనిషి కండువా మార్చుకోవడమే అనుకుంటాం గానీ, లెక్క అడగాల్సిన కమిటీ కూడా లెక్క చెప్పాల్సిన వాళ్ల చేతిలోకే పోయింది ఇక్కడ. రోడ్డు బిల్లు, కాలేజీ బిల్డింగు బిల్లు, ఆస్పత్రి మందుల బిల్లు అడిగేవాడు లేకపోతే నష్టపోయేది బీఆర్ఎస్ కాదు, మనం.

నోటీసులు వచ్చాక వాళ్లలో కొంతమంది ఏమన్నారు? మేము పార్టీ మారలేదు, నియోజకవర్గం అభివృద్ధి కోసం సీఎంని కలిశాం, ఇప్పటికీ బీఆర్ఎస్ లోనే ఉన్నాం అన్నారు. సరే, వాళ్లు చెప్పేది నిజమో అబద్ధమో తేల్చండి, తేల్చడానికే కదా చట్టం ఉంది. పోయారు అని తేలితే పదవి తీసేయండి, పోలేదు అని తేలితే కారణాలు రాసి కొట్టేయండి, దాని మీద అవతలోళ్లు కోర్టుకి పోతారు. ఏదో ఒకటి రాసి సంతకం పెట్టడానికి ఇంత కాలమా? 2024 సెప్టెంబర్ 9న హైకోర్టు సింగిల్ జడ్జి నాలుగు వారాల్లో విచారణ షెడ్యూల్ పెట్టించమని అసెంబ్లీ సెక్రటరీకి చెప్పారు, పెట్టకుండా అప్పీల్ కి పోయారు, నవంబర్ లో డివిజన్ బెంచ్ ఆ ఆర్డర్ పక్కన పెట్టింది. తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యే పాడి కౌశిక్ రెడ్డి గారు వాళ్లు సుప్రీంకోర్టుకి పోతే గానీ ఎమ్మెల్యేలకి కనీసం నోటీసులు కూడా పోలేదు, ఈ మాట సుప్రీంకోర్టే తీర్పులో రాసింది. 2025 జూలై 31న చీఫ్ జస్టిస్ గవాయ్ గారి బెంచ్ మూడు నెలల్లో తేల్చమంది, ఆపరేషన్ సక్సెస్ పేషెంట్ డెడ్ అన్నట్టు కాకూడదు అని కూడా అంది. అంత గట్టిగా చెప్పినా గడువు దాటింది.

నేను ప్రభుత్వ ఆఫీసులో పని చేసి సూపరింటెండెంట్ గా రిటైర్ అయినవాడిని. సర్వీసులో చాలా కాలం నేను చూసిన సీటు క్రమశిక్షణ కేసులది, అంటే ఉద్యోగుల మీద చార్జ్ మెమోలు, ఎంక్వైరీలు, శిక్షలు, ఆ ఫైళ్లు. అందుకే ఈ విషయం నాకు మామూలు కన్నా ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఒక అటెండరు మీద, ఒక జూనియర్ అసిస్టెంట్ మీద ఆరోపణ వస్తే మేము ఏం చేసేవాళ్లమో చెప్తా. చార్జ్ మెమో ఇస్తే ఇన్ని రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని అందులోనే రాసి ఉంటుంది, ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసుకుని ముందుకి పోతాం. ఏసీబీకి దొరికి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ దానంతట అదే పడుతుంది, మా దయాదాక్షిణ్యాలతో పని లేదు. ఎంక్వైరీ ఆఫీసర్ ని వేసేటప్పుడు మొట్టమొదట చూసేది ఏంటి, ఆయనకి ఈ కేసుతో గానీ ఈ మనిషితో గానీ సంబంధం ఉందా అని. ఆయన నా మీద పక్షపాతంతో ఉన్నాడు అని ఉద్యోగి కాగితం పెడితే ముందు దాన్ని తేల్చాలి, ఆ తర్వాతే మిగతాది. కేసులు నెలల తరబడి లాగొద్దు, ఎందుకు ఆలస్యం అయిందో రాయండి అని పై నుంచి మెమోలు వస్తూనే ఉండేవి. చిన్న జీతగాడికి ఇన్ని కట్టుబాట్లు పెట్టిన రాజ్యం, ఆ కట్టుబాట్లు రాసే ఎమ్మెల్యే దగ్గరికి వచ్చేసరికి ఆయన చేరిన పార్టీ టికెట్ మీద గెలిచినాయన్నే, అంటే స్పీకర్ నే, ఎంక్వైరీ ఆఫీసర్ ని చేసింది, గడువు కూడా పెట్టలేదు. ఇదే మా ఆఫీసులో ఎవరైనా చేసి ఉంటే ట్రిబ్యునల్ మొదటి రోజే కొట్టేసేది.

స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గారి మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు. ఆయన ప్లేస్ లో ఇంకెవరున్నా ఇదే జరిగేది అని నేను గట్టిగా నమ్ముతున్నా, ఎందుకంటే ఇంతకుముందు వేరే పార్టీల వాళ్లు ఉన్నప్పుడు కూడా ఇదే జరిగింది. ఇప్పుడు బీఆర్ఎస్ వాళ్లు రాజ్యాంగం గురించి మాట్లాడుతుంటే వినడానికి మంచిగనే ఉంది గానీ 2014 నుంచి వాళ్లు చేసింది జనం మర్చిపోలేదు. సనత్ నగర్ లో టీడీపీ టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ గారు ఆ ఏడాది డిసెంబర్ లోనే టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) ప్రభుత్వంలో మంత్రి అయిపోయారు, రాజీనామా ఇచ్చేశా అన్నారు, స్పీకర్ మధుసూదనాచారి గారు అది ఆమోదించనే లేదు, పిటిషన్లు కూడా తేల్చలేదు, అట్లనే ఏళ్లకేళ్లు మంత్రిగా నడిచిపోయింది. 2016లో టీడీపీ ఎమ్మెల్యేలు పదిహేను మందిలో పన్నెండు మంది టీఆర్ఎస్ లో విలీనం అన్నారు, మూడింట రెండొంతుల మంది కలిసి పోతే విలీనం, పదవులు పోవు అన్నమాట. 2019 జూన్ లో కాంగ్రెస్ వంతు. పందొమ్మిది మంది గెలిచారు, ఉత్తమ్ కుమార్ రెడ్డి గారు ఎంపీ అయి రాజీనామా చేయంగనే బలం పద్దెనిమిదికి దిగింది, పద్దెనిమిదిలో మూడింట రెండొంతులు అంటే పన్నెండు, సరిగ్గా పన్నెండు మంది వెళ్లి మమ్మల్ని కలిపేయండి అని కాగితం ఇచ్చారు, అదే రోజు కలిపేశారు. అప్పుడు సీఎల్పీ లీడర్ గా, అంటే అసెంబ్లీలో కాంగ్రెస్ పక్ష నాయకుడిగా ఉన్న భట్టి విక్రమార్క గారు ఇందిరాపార్క్ దగ్గర దీక్ష కూర్చున్నారు, ప్రజాస్వామ్యాన్ని చంపేస్తున్నారు అన్నారు. ఆయన బాధ నిజమే, ఆ రోజు నేను కూడా ఆయన వైపే. ఇప్పుడు ఆయన డిప్యూటీ సీఎం. ఆ రోజు విలీనానికి సంతకం పెట్టిన స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డి గారు ఇప్పుడు అనర్హత పిటిషన్ పడిన పది మందిలో ఒకరు. మనుషులు అటు ఇటు మారారు, కుర్చీ మాత్రం ఎవరు కూర్చుంటే వాళ్లోళ్లని కాపాడుతూనే ఉంది.

విచారణకి టైమ్ పడుతుంది, సాక్షులు ఉంటారు, లాయర్లు ఉంటారు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటుంది అని చెప్పేవాళ్లకి రెండు విషయాలు గుర్తు చేయాలి. 2018 మార్చి 12న గవర్నర్ ప్రసంగం రోజు గొడవలో హెడ్ ఫోన్ విసిరారని కాంగ్రెస్ ఎమ్మెల్యేలు కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి గారిని, సంపత్ కుమార్ గారిని సభ నుంచి బహిష్కరించారు, ఎప్పుడు? తెల్లారి, మార్చి 13న. నోటీసు లేదు, వివరణ అడగలేదు, ఒక్క రోజులో ఎమ్మెల్యే పదవులే పోయాయి, ఆ తర్వాత నెలకి హైకోర్టు అది చెల్లదని కొట్టేసింది. రెండోది, 2018 ఎన్నికల టైమ్ లో టీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ కి పోయిన ఎమ్మెల్సీలు యాదవ రెడ్డి, భూపతి రెడ్డి, రాములు నాయక్ గార్ల మీద మండలి చైర్మన్ స్వామి గౌడ్ గారు 2019 జనవరిలోనే అనర్హత వేటు వేసేశారు. అదే ఫిరాయింపుల చట్టం, రాజ్యాంగంలో అదే పదో షెడ్యూల్. అధికార పార్టీని వదిలి పోయినోడికి వారాల్లో శిక్ష, అధికార పార్టీలోకి వచ్చినోడికి ఏళ్ల తరబడి విచారణ. టైమ్ లేదు అనే మాట నేను ఎట్లా నమ్మాలి?

ఆంధ్రాలో కూడా ఏం తేడా లేదు. 2014లో వైసీపీ నుంచి గెలిచిన వాళ్లలో ఇరవై మూడు మంది టీడీపీలోకి పోయారు, 2017 ఏప్రిల్ లో వాళ్లలో నలుగురు, అఖిలప్రియ, అమర్ నాథ్ రెడ్డి, ఆదినారాయణ రెడ్డి, సుజయ కృష్ణ రంగారావు గార్లు మంత్రులుగా ప్రమాణం చేశారు. స్పీకర్ కోడెల శివప్రసాదరావు గారి దగ్గర పిటిషన్లు అట్లనే ఉండిపోయాయి, వైసీపీ వాళ్లు అసెంబ్లీకి రావడమే మానేశారు. ప్రతిపక్షం లేని సభలు నడిచాయి ఆ రాష్ట్రంలో, ఎంత అన్యాయం. తర్వాత వైసీపీ వచ్చింది, టీడీపీ నుంచి గెలిచిన నలుగురు వాళ్ల వైపు జరిగారు, వల్లభనేని వంశీ, కరణం బలరాం, మద్దాలి గిరి, వాసుపల్లి గణేష్ గార్లు. వాళ్ల మీద, వైసీపీ నుంచి బయటకి పోయిన ఇంకో నలుగురి మీద కలిపి స్పీకర్ తమ్మినేని సీతారాం గారు ఎనిమిది మందిని అనర్హులని ప్రకటించింది ఎప్పుడో తెలుసా, 2024 ఫిబ్రవరి చివర్లో. ఇంకో మూడు వారాలకి ఎన్నికల షెడ్యూల్ వచ్చేసింది. ఐదేళ్లు అనుభవించాల్సింది అనుభవించాక, ఖాళీ చేసే ఇంటికి తాళం వేసినట్టు. దాన్ని శిక్ష అని ఎవరైనా అంటారా?

ఈ చట్టం ఎందుకు వచ్చిందో ఇప్పటి పిల్లలకి తెలియదు. 1967లో హర్యానాలో గయా లాల్ అనే ఎమ్మెల్యే తక్కువ రోజుల్లోనే మళ్లీ మళ్లీ పార్టీ మారాడు, అక్కడి నుంచే ఆయా రామ్ గయా రామ్ అనే మాట దేశమంతా పాకింది. పద్దెనిమిదేళ్లు పట్టింది పార్లమెంటుకి కళ్లు తెరవడానికి, 1985లో 52వ సవరణతో పదో షెడ్యూల్ తెచ్చారు. కానీ తెచ్చినప్పుడే తీర్పు చెప్పే అధికారం స్పీకర్ చేతిలో పెట్టారు, ఇక్కడే దెబ్బ కొట్టారు. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల్లో ముగ్గురు స్పీకర్ కి ఇవ్వడం సరైనదే అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరు, జస్టిస్ వర్మ, జస్టిస్ శర్మ చెప్పింది చాలా సింపుల్, స్పీకర్ పదవి సభలో మెజారిటీ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆయన్ని స్వతంత్ర న్యాయమూర్తి అనుకోలేం అని. ఆ రోజు ఒక్క జడ్జి అటు కాకుండా ఇటు ఉండి ఉంటే మన రెండు రాష్ట్రాల రాజకీయం వేరేగా ఉండేది, నాకైతే ఎప్పుడూ అదే అనిపిస్తుంది. 2003లో 91వ సవరణ తెచ్చి మూడో వంతు మంది చీలిపోతే పదవులు పోవు అనే సందు మూసేశారు, మూడింట రెండొంతుల విలీనం అనే సందు మాత్రం వదిలేశారు, 2016లో 2019లో మన దగ్గర దూరింది ఆ సందులోంచే.

చేయాలనుకుంటే చేయగలరు అని చూపించినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకపోతే తప్పు. మన వెంకయ్య నాయుడు గారు రాజ్యసభ చైర్మన్ గా ఉన్నప్పుడు శరద్ యాదవ్, అలీ అన్వర్ గార్ల మీద జేడీయూ పిటిషన్ 2017 సెప్టెంబర్ లో వచ్చింది, డిసెంబర్ 4న ఆర్డర్ ఇచ్చేశారు. ఇట్లాంటివి మూడు నెలల్లో తేల్చాలి, లాగితే చట్టం ఉద్దేశమే పోతుంది అని ఆ ఆర్డర్ లో రాశారు కూడా. తీర్పు నచ్చినా నచ్చకపోయినా, కావాలంటే ఎంత టైమ్ లో అవుతుందో అందులో తెలుస్తుంది. 2005లో డబ్బులు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు అడిగారని టీవీలో డిసెంబర్ 12న వచ్చింది, స్పీకర్ సోమనాథ్ ఛటర్జీ గారు కమిటీ వేశారు, డిసెంబర్ 23 కల్లా పదకొండు మంది ఎంపీలని, లోక్ సభలో పది మంది, రాజ్యసభలో ఒకరు, రెండు సభలూ బయటకి పంపేశాయి. అందులో ఒక పార్టీ వాళ్లే లేరు, బీజేపీ, కాంగ్రెస్, ఆర్జేడీ, బీఎస్పీ అన్ని రకాల వాళ్లు ఉన్నారు. సుప్రీంకోర్టు 2007లో దాన్ని సరే అంది. పదకొండు రోజుల్లో పదకొండు మంది. ఆ రోజుల్లో కూడా ఇంత శిక్షా అని గొణిగిన నాయకులు ఉన్నారు, అయినా అయింది, ఎందుకంటే దేశమంతా టీవీ ముందు కూర్చుని చూస్తోంది.

జనం చూస్తుంటేనే వీళ్లు కదులుతారు అనడానికి ఇంకోటి 2013. జూలైలో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు రెండేళ్లు ఆ పైన శిక్ష పడిన ఎంపీ, ఎమ్మెల్యే పదవి వెంటనే పోతుంది, అప్పీల్ వేశా అని కూర్చోవడం కుదరదు అంది. సెప్టెంబర్ లో యూపీఏ కేబినెట్ ఏం చేసింది, ఆ తీర్పుని పక్కకి తోసేయడానికి ఆర్డినెన్స్ ఆమోదించింది. జనం ఛీ కొట్టారు, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు మంత్రులని పిలిచి వివరాలు అడిగారు, రాహుల్ గాంధీ గారు ప్రెస్ క్లబ్ కి వచ్చి అది చించి పారేయాల్సిన కాగితం అన్నారు, అక్టోబర్ 2న వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు రాహుల్ గాంధీ గారు చెప్పింది కరెక్టే. మరి అదే నాయకుడి పార్టీ తెలంగాణలో చేస్తున్నదాని మీద కూడా ఆయన అంతే గట్టిగా మాట్లాడాలని ఒక ఓటరుగా నేను అడుగుతున్నా. 2024 లోక్ సభ ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ వాళ్లే రాశారు, పార్టీ మారితే సభ్యత్వం దానంతట అదే పోయేలా పదో షెడ్యూల్ సవరిస్తాం అని. ఆ మేనిఫెస్టో పంచుతున్న టైమ్ లోనే ఇక్కడ కండువాలు కప్పుతున్నారు. ఇంకా చెప్పాలంటే 2025 మార్చిలో సీఎం గారు అసెంబ్లీలోనే ఉప ఎన్నికలు ఏమీ రావు అని చెప్పారు, దాని మీద సుప్రీంకోర్టు గట్టిగానే అభ్యంతరం చెప్పింది. తీర్పు రాయాల్సిన స్పీకర్ పక్కనే కూర్చుని ఉండగా తీర్పు ఏం వస్తుందో ముఖ్యమంత్రి ముందే చెప్తే ఇక విచారణ ఎవరి కోసం?

జనమే తీర్పు చెప్తారులే, ఎన్నికల్లో ఓడిస్తారు కదా అని మా దోస్తులు కొందరు అంటారు, ఆంధ్రాలో ఇరవై మూడు మందిని చేర్చుకున్న టీడీపీకి 2019లో వచ్చినవి సరిగ్గా ఇరవై మూడు సీట్లే అని గుర్తు చేస్తారు. నేను ఒప్పుకోను. ఎన్నికల్లో ఓటు వేసేటప్పుడు మనిషి పింఛను చూస్తాడు, నీళ్లు చూస్తాడు, కులం చూస్తాడు, పిల్లల ఉద్యోగం చూస్తాడు, అందులో ఫిరాయింపు ఎక్కడో ఉంటుంది. పైగా ఆ రోజు వచ్చేదాకా ఐదేళ్లు ఆ నియోజకవర్గం జనం తరఫున మాట్లాడింది ఎవరు? చట్టం ప్రకారం శిక్ష వేయాల్సినోళ్లు వేయకుండా బరువంతా ఓటరు నెత్తిన పెట్టడం న్యాయం కాదు. అభివృద్ధి కోసం పోయాం అనే మాట ఇంకా బాధ కలిగిస్తుంది, ప్రతిపక్షంలో ఉంటే మీ ఊరికి రోడ్డు రాదు అని ఎమ్మెల్యేనే ఒప్పుకుంటున్నాడంటే ప్రభుత్వం అందరి పన్నులతో నడవట్లేదా? పటాన్ చెరులో గానీ గద్వాలలో గానీ ఓడిన పార్టీకి వేసినోళ్లు జీఎస్టీ కట్టట్లేదా?

కోర్టులు సభ వ్యవహారాల్లో వేలు పెడుతున్నాయి అని ఇంకో వాదన. సభ గౌరవం అంటే నాకూ గౌరవమే. కానీ పదో షెడ్యూల్ కింద స్పీకర్ చేసేది సభ నడపడం కాదు, ట్రిబ్యునల్ లాగా తీర్పు చెప్పడం, ఇది 1992 నుంచి కోర్టులు చెప్తున్నదే. 2020లో మణిపూర్ కేసులో ఏమైందో చూడండి. కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన శ్యామ్ కుమార్ అనే ఆయన 2017లో బీజేపీ ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు, పిటిషన్లు మూలన పడి ఉన్నాయి. సుప్రీంకోర్టు జనవరిలో నాలుగు వారాలు టైమ్ ఇచ్చింది, స్పీకర్ తేల్చకపోతే మార్చిలో కోర్టే ఆయన్ని మంత్రి పదవి నుంచి తీసేసింది, అసెంబ్లీలో అడుగు పెట్టొద్దంది, అప్పుడు పది రోజుల్లో స్పీకర్ అనర్హత ఆర్డర్ రాశారు. ఆ జనవరి తీర్పులోనే జస్టిస్ నారిమన్ గారు ఈ అధికారం స్పీకర్ల దగ్గర ఉంచాలా, రిటైర్డ్ జడ్జిలతో శాశ్వత ట్రిబ్యునల్ పెట్టాలా అని పార్లమెంటు మళ్లీ ఆలోచించాలి అన్నారు. 2025లో గవాయ్ గారు కూడా అదే ఆలోచించమన్నారు. 1990లో దినేష్ గోస్వామి కమిటీ, తర్వాత వెంకటాచలయ్య కమిషన్, 2015లో లా కమిషన్ 255వ రిపోర్టు, అందరూ చెప్పింది ఒకటే, స్పీకర్ చేతిలోంచి తీసేయండి అని. వెంకటాచలయ్య కమిషన్ నేరుగా ఎన్నికల కమిషన్ కే ఇవ్వమంది, మిగతా వాళ్లు ఎన్నికల కమిషన్ సలహా మీద రాష్ట్రపతి, గవర్నర్ కి ఇవ్వమన్నారు. లాభదాయక పదవి కేసుల్లో, అంటే ఎమ్మెల్యేగా ఉంటూ ప్రభుత్వం కింద లాభం వచ్చే ఇంకో పదవి పట్టుకున్న కేసుల్లో, ఇప్పుడు నడుస్తున్నది ఆ గవర్నర్ పద్ధతే, రాజ్యాంగం 192వ ఆర్టికల్ లో ఉంది, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఎన్నికల కమిషన్ మీద కూడా జనానికి అనుమానాలు ఉన్నాయి అంటారా, సరే ట్రిబ్యునలే పెట్టండి, కానీ ఆ పార్టీ ఈ పార్టీ కాని మనిషి ఎవరో ఒకరు తీర్పు చెప్పాలి, అది కూడా మూడు నెలల్లో. పిటిషన్ తేలే దాకా ఆ ఎమ్మెల్యేకి మంత్రి పదవి గానీ కార్పొరేషన్ చైర్మన్ గానీ కమిటీ చైర్మన్ గానీ ఇవ్వకూడదు. మూడు నెలలు దాటితే కేసు దానంతట అదే హైకోర్టుకి పోవాలి.

ఇది పార్లమెంటు చేయాల్సిన పని, అక్కడ తెలుగు ఎంపీలు లోక్ సభలోనే నలభై రెండు మంది ఉన్నారు, ఏపీవి ఇరవై ఐదు, తెలంగాణవి పదిహేడు. టీడీపీ, వైసీపీ, కాంగ్రెస్, బీజేపీ, ఫిరాయింపు దెబ్బ తినని పార్టీ అందులో లేదు, ఫిరాయింపు చేయించని పార్టీని వెతకడం కూడా కష్టమే. ఒక్కరైనా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టండి. మా ఎంపీ గారికి కూడా ఇదే విషయం రాసి పంపాను, జవాబు రాలేదు.

చివరగా ఎడిటర్ గారూ మీకే ఒక రిక్వెస్టు. మీరు రోజూ బంగారం రేటు వేస్తారు, శ్రీశైలం, సాగర్ నీటిమట్టం వేస్తారు. అదే పేజీలో రెండు రాష్ట్రాల అసెంబ్లీల్లో పెండింగ్ లో ఉన్న అనర్హత పిటిషన్లు కూడా వేయండి, ఎమ్మెల్యే పేరు, నియోజకవర్గం, ఏ గుర్తు మీద గెలిచారు, పిటిషన్ ఎప్పుడు వేశారు, ఈ రోజుకి ఎన్ని రోజులైంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ బాక్సు తీసేయకండి. 2028లో ప్రభుత్వం మారితే అప్పుడు కూడా ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్,
సంగారెడ్డి